ఆఫీసుకి ఇంటి కేకు: అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో ఇంటి దగ్గరే కేకుల క్లాసులు చెబుతుంటాను. నేర్చుకోవడానికి వచ్చే ఉద్యోగస్తులకు ఓవెన్ కన్నా ఆఫీసంటేనే ఎక్కువ టెన్షన్. కేకు ఎలా కనిపిస్తుందోనని బెంగపడతారు. అసలు చూసుకోవాల్సినవి వదిలేస్తారు.

అపోహ: పైన పగిలితే కేకు పాడైనట్టే.
వాస్తవం: పై పొర ముందే గట్టిపడుతుంది, లోపలి పిండి తర్వాత పొంగి దాన్ని చీల్చుకుని వస్తుంది. ఓవెన్ వేడి ఎక్కువైనా, టిన్ను నిండా పిండి పోసినా ఇంతే. రుచికేం కాదు. బేకరీల్లోనూ క్రీమ్ రాసే ముందు ఆ ఉబ్బును కోసేస్తారు. బాగా చల్లారాక ఇంట్లోనే ముక్కలు కోసి స్టీలు డబ్బాలో సర్దుకెళ్లండి. పగులు ఎవరికి కనిపిస్తుంది?

అపోహ: మధ్యలో కుంగితే పైన క్రీమ్ రాసేస్తే సరి.
వాస్తవం: ఇక్కడ మాత్రం ఆగండి. బేకింగ్ పౌడర్ ఎక్కువైనా కుంగుతుంది, అలాంటిది తినొచ్చు. ఉడక్క కుంగితే కాదు. పుల్ల గుచ్చి చూడండి, తడి పిండి అంటితే ఎవరికీ పెట్టకండి. పచ్చి గుడ్డే కాదు, పచ్చి మైదా వల్ల కూడా కడుపు పాడవుతుంది.

అపోహ: క్రీమ్ లేకపోతే బాగుండదు.
వాస్తవం: మన ఊరి మే నెల ఎండలోనా! 32 డిగ్రీలు దాటితే ఫ్రెష్ క్రీమ్ కేకును గంటకు మించి బయట ఉంచకూడదు. వెన్న వేసిన ప్లెయిన్ కేకు రాత్రే చేసి మూత పెట్టండి, తేమ సమంగా పట్టి మర్నాటికి ఇంకా బాగుంటుంది.

అపోహ: మామిడి కేకు బరువుగా వస్తే ఫెయిలే.
వాస్తవం: తోతాపురి గుజ్జు పోశాక స్పాంజిలా ఎలా వస్తుంది? రానక్కర్లేదు.

అపోహ: ముందే "సరిగ్గా రాలేదు మేడం" అనేస్తే మంచిది.
వాస్తవం: అంతవరకూ హాయిగా తినేవాళ్లు అప్పుడు లోపం వెతకడం మొదలుపెడతారు.

అపోహ: గుడ్డు సంగతి అడిగితే చెబుదాం.
వాస్తవం: అడక్కముందే చెప్పాలి. శనివారం గుడ్డు ముట్టని వాళ్లు మన ఆఫీసుల్లో బోలెడుమంది. కొండ మీద డ్యూటీ అయితే గుడ్డు కేకు అసలే వద్దు, తిరుమలలో గుడ్డు, మాంసం నిషేధం. జీడిపప్పు, వేరుశనగ పడని వాళ్లూ ఉంటారు. ఏమేం వేశారో చీటీ రాసి డబ్బా మూతకు అంటించండి.