కడుపుతో ఉన్నప్పుడు కల్లు చలవ కాదు

తెలంగాణ పల్లెల్లో ఆడవాళ్లు కల్లు తాగితే ఎవరూ తప్పు పట్టరు. పండగ రోజునో, పొలం పనయ్యాక ఒళ్లు నొప్పులకో తాగి, చలవ చేస్తుందంటారు. కడుపుతో ఉన్నవాళ్లకూ అదే మాట చెప్పేవాళ్లున్నారు. కానీ పులిసిన కల్లులో మత్తెక్కించేది ఆల్కహాలే. తల్లి రక్తంలోకి వచ్చిన ఆల్కహాల్ మాయ దాటి కాసేపట్లోనే బిడ్డ రక్తంలో చేరుతుంది. దాన్ని విరిచేసే శక్తి బిడ్డ కాలేయానికి ఇంకా సరిగా రాదు. ఉమ్మనీటిలోనూ అది నిలిచి ఉంటుంది కాబట్టి తల్లికి మత్తు దిగినా బిడ్డకు బాధ తప్పదు.

1968లో ఫ్రాన్స్‌లోని నాంత్ నగర వైద్యుడు పాల్ లెమోయిన్, తాగే తల్లిదండ్రులకు పుట్టిన 127 మంది పిల్లల్లో కనిపించిన లోపాల గురించి రాశారు. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1973లో అమెరికాలోని సియాటిల్‌లో డాక్టర్లు కెన్నెత్ జోన్స్, డేవిడ్ స్మిత్ అవే లక్షణాలు గమనించి, కడుపులో ఉండగా ఆల్కహాల్ వల్ల బిడ్డకు వచ్చే ఈ జబ్బుకు ఫీటల్ ఆల్కహాల్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. చిన్న కళ్లు, పలచని పై పెదవి, ముక్కుకూ పెదవికీ మధ్య గాడి లేకుండా చదునుగా ఉండటం దీని గుర్తులు. ఇవి గర్భం నిలిచిన తొలి వారాల్లోనే ఏర్పడొచ్చు. అప్పటికి చాలామందికి నెల తప్పిన సంగతే తెలియదు. అందుకే పిల్లల కోసం ప్రయత్నిస్తున్నప్పుడే మానేయడం మంచిది.

ముఖంలో ఏ తేడా లేకుండా మెదడు మాత్రమే దెబ్బతిన్న పిల్లలే ఎక్కువ. నిన్న నేర్పిన లెక్క ఇవాళ మర్చిపోయే పిల్లాణ్ని బడిలో మొద్దు అంటారు, ఇంట్లో మొండి అంటారు. అసలు కారణం ఎవరికీ తట్టదు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. ఇంత తాగితే ఫర్వాలేదని చెప్పగల కొలత లేదు. పోయినదాన్ని తిరిగి తెచ్చే మందూ లేదు. అయితే బిడ్డ పుట్టేదాకా మెదడు పెరుగుతూనే ఉంటుంది కాబట్టి, తెలియక తాగినవాళ్లు టెన్షన్ పడకుండా ఏ నెలలో మానినా బిడ్డకు మేలే.

రోజూ తాగే అలవాటుంటే మాత్రం ఒక్కసారిగా మానకూడదు. కల్తీ కల్లులో ఆల్ప్రాజోలం, డయాజెపాం లాంటి మత్తుమందులు కలుపుతారు. 2015లో తెలంగాణలో కల్తీ కల్లును కట్టడి చేసినప్పుడు, అది ఒక్కసారిగా దొరక్క ఎంతోమంది వణుకుతో, ఫిట్స్‌తో ఆసుపత్రుల పాలయ్యారు. గర్భిణికి అలా జరిగితే రెండు ప్రాణాలకూ ముప్పు. డాక్టర్ పర్యవేక్షణలో మెల్లగా తగ్గించాలి. హెరాయిన్ లాంటి మత్తుపదార్థాలు వాడేవాళ్లకు కూడా హఠాత్తుగా ఆపేయించకుండా బ్యుప్రెనార్ఫిన్ వంటి మందులతో చికిత్స చేస్తారు.

తిడతారేమోనన్న భయముంటే ఏ ఆడమనిషీ నిజం చెప్పదు. ఏఎన్ఎం, ఆశా వర్కర్ బీపీ చూసినంత మామూలుగా కల్లు, మందు, గుట్కా, నిద్రమాత్రల గురించి కూడా అడగాలి. అది అత్తగారి ముందు కాదు, పక్కకు పిలిచి. మొగుడు కూడా ఆ తొమ్మిది నెలలు ఇంట్లోకి సీసా తేకుండా ఉంటే ఆమెకు మానడం సులువవుతుంది.