అరవై ఒకటి దగ్గర వచ్చిన చిక్కు

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర ఒక అవ్వ బండి మీద బత్తాయిలు తూచి ఇస్తోంది. కాటా కాస్త ఎక్కువ చూపిస్తే పెద్ద కాయ తీసి చిన్నది వేసింది. తక్కువైతే ఇంకోటి మార్చింది. "సరిపోయింది, తీస్కో బిడ్డా" అంది. తూకంలో ఇలా సర్దుకోవచ్చు. లెక్కపెట్టి ఇచ్చే చోట ఆ వీలుండదు. ఏడు కాయలు కాకపోతే ఎనిమిది, మధ్యలో ఏమీ లేదు. పూర్ణాంకాల లెక్కలు మొండికేసేది సరిగ్గా ఇక్కడే.

బత్తాయిలను చదరంగా పేర్చారనుకోండి, వరసకు ఎన్ని కాయలో అన్ని వరసలు. ఒకే కొలత చదరాలు 60 తీసుకుని, ఇంకొక్క కాయ కలిపి, అన్నిటినీ ఒకే పెద్ద చదరంగా పేర్చాలి. వరసకు 4 కాయలు చాలు. 60 చదరాల్లో 960, పైన ఒకటి, మొత్తం 961. అంటే 31 వరసలు, వరసకు 31. చదరాలు 62 అయితే వరసకు 8 పెడితే సరిపోతుంది.

మరి 61కి? ఆరో ఏడో ఉంటుందనుకుంటాం. కానీ వరసకు 22,61,53,980 కాయలు పెట్టేదాకా కుదరదు! అంతకన్నా చిన్న జవాబు లేనే లేదు. దశాంశాలు ఒప్పుకుంటే ఇదసలు లెక్కే కాదు, ఏ సంఖ్యతో మొదలుపెట్టినా వర్గమూలం కడితే అయిపోతుంది. పూర్ణాంకమే కావాలన్నప్పుడు అంతదూరం వెళ్లేదాకా ఆ వర్గమూలం ప్రతిసారీ రెండు పూర్ణాంకాల మధ్య పడిపోతుంది. పక్కనున్న 60, 62 ఎంత తేలికైనా 61కి ఒరిగేదేమీ లేదు.

ఈ జవాబును భాస్కరాచార్యుడు 1150 నాటి 'బీజగణితం' అనే గ్రంథంలో, చక్రంలా ఒకే మెట్టును మళ్లీ మళ్లీ తిప్పే చక్రవాళ పద్ధతితో రాబట్టాడు. కాగితం మీద నాలుగు అంకెలు గుణించడానికే తడబడే మనకు ఆ పని ఎంత గొప్పదో తెలియాలి. ఐదొందల ఏళ్ల తర్వాత, 1657లో, ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా ఇదే 61ని ఐరోపాలో సవాలుగా విసిరాడు.

చక్రవాళం ఈ ఒక్క రకం లెక్కకే పనికొస్తుంది. ఏ పూర్ణాంక సమీకరణం ఇచ్చినా జవాబు ఉందో లేదో తేల్చే ఒకే పద్ధతి కావాలని 1900లో జర్మన్ గణితవేత్త హిల్బర్ట్ అడిగాడు. అలాంటిది ఉండనే ఉండదని 1970లో రష్యన్ గణితవేత్త మతియసేవిచ్ రుజువు చేశాడు. అంతకు ముందు మార్టిన్ డేవిస్, హిలరీ పట్నం, జూలియా రాబిన్సన్ అనే గణితవేత్తలు వేసిన దారిలోనే ఆయన చివరి అడుగు వేశాడు.

అందుకే ఒక్కో లెక్కతో విడిగా కుస్తీ పట్టాలి. మూడు పూర్ణాంకాల ఘనాలు కలిపితే 42 రావాలి, రుణ సంఖ్యలు కూడా వాడుకోవచ్చు. చూడటానికి బడిపిల్లల లెక్క. 2019లో బుకర్, సదర్లాండ్ అనే గణితవేత్తలు లక్షల ఇళ్ల కంప్యూటర్ల ఖాళీ సమయాన్ని వాడుకుని జవాబు పట్టుకున్నారు. దొరికిన మూడు సంఖ్యల్లో ఒక్కోదానికి 17 అంకెలు. 114కి మాత్రం అలాంటి మూడు సంఖ్యలు ఇంకా ఎవరికీ దొరకలేదు.