చీమకుర్తి బండ మీద చలికాలం

డిసెంబరు వచ్చిందంటే మా అమ్మ పొద్దున్నే మంచం మీంచే కాలితో చెప్పులు వెతుక్కుంటుంది. ఇంట్లో చెప్పులేంటని చిన్నప్పటి నుంచీ మమ్మల్ని తిట్టిన మనిషి. అదేంటమ్మా అంటే, "ఏం చేసేదిరా, బండ మీద కాలు పెడితే జిల్లుమని నడినెత్తికి ఎక్కుతుంది" అంటుంది. ఒంగోల్లో మా ఇంటి నేలంతా చీమకుర్తి రాయి. క్వారీలు ఇంత దగ్గర్లో ఉంటే ఇంకేం పరుస్తాం? నల్లగా ఉండి లోపల బంగారు చుక్కలు మెరిసే ఆ గెలాక్సీ రాయి దేశదేశాలకు ఓడలెక్కి పోతుంది. ఆ చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం తునకలు. భూగర్భ శాస్త్రం లెక్కలో అయితే అది గ్రానైటే కాదు, గాబ్రో అనే వేరే జాతి రాయి, కానీ ఆ మాట చీమకుర్తిలో అని చూడండి.

నిజానికి ఆ బండ గదికంటే చల్లగా ఏమీ ఉండదు. తెల్లారుజామున గది 24 డిగ్రీలుంటే బండా ఆ చుట్టుపక్కలే ఉంటుంది, పక్కనున్న చెక్కపీటా అంతే. మరి పీట మీద కాలు పెడితే ఏమీ అనిపించదు, బండ మీద పెడితే ప్రాణం లేచొస్తుంది, ఎందుకు? మన చర్మంలోని నరాలు బండ ఎంత చల్లగా ఉందో కొలవవు. చర్మం తానెంత చల్లబడింది, ఎంత వేగంగా చల్లబడింది, అదే వాటికి తెలిసేది. ఇలాంటి రాళ్లలో వేడి చెక్కలోకంటే సుమారు పదిహేను రెట్లు సులువుగా పారుతుంది, పైగా రాయి బరువైనది కాబట్టి ఎంత వేడి లాక్కున్నా ఒక పట్టాన వెచ్చబడదు. అరికాలు 32 డిగ్రీలు, నేల 24 అనుకుని లెక్క వేస్తే, రాయి తగలగానే చర్మం పైపొర 26, 27 దగ్గరికి పడిపోతుంది. చెక్క తగిలితే 30 దగ్గర ఆగుతుంది. మా అమ్మ చెప్పులు ఆ మూడు నాలుగు డిగ్రీల కోసమే. నమ్మకం కుదరకపోతే మరిగే పులుసులో ఒక స్టీలు గరిటె, ఒక ఉదయగిరి చెక్క గరిటె వదిలేసి అయిదు నిమిషాల తర్వాత పిడులు పట్టుకుని చూడండి. స్టీలుది కొంచెం జాగ్రత్తగా పట్టుకోండి.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఈ సీజన్లో ఫోన్ తెరిస్తే చాలు చలికాలం ఇంటి ముస్తాబు వీడియోలే. బొచ్చు రగ్గులు, ముదురు గోధుమ రంగు గోడలు, చారల చెక్క ప్యానెళ్లు, పసుపు దీపాలు, సోఫా మీద ఒకదాని మీద ఒకటి నాలుగు దుప్పట్లు. (అన్నట్టు మన దగ్గర రగ్గు అంటే కప్పుకునేది. వాళ్లకి నేల మీద పరిచేది. మా అమ్మకి ఈ తేడా చెప్పడానికి ఒక సాయంత్రం పట్టింది.) ఈ ముచ్చట చాలావరకు డెన్మార్క్ లాంటి ఉత్తరాది దేశాల నుంచి వచ్చింది. కోపెన్‌హేగన్‌లో డిసెంబరు నెలాఖర్లో పగలు ఏడు గంటలే, మిగతా పదిహేడు గంటలూ చీకటి, బయట గడ్డకట్టే చలి. అలాంటి చోట ఇంట్లో ఒక వెచ్చని మూల కట్టుకోవాలనిపించడం సహజం. అదే రోజు మా పక్క జిల్లా నెల్లూరులో పగలు పదకొండు గంటలకు పైనే ఉంటుంది. రాత్రి ఎంత చలైనా మామూలుగా ఇరవై డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. మనకి చలి అసలు సమస్య కాదు, చెమ్మ సమస్య.

తెలంగాణకీ గోదావరి జిల్లాలకీ వానాకాలం అంటే జూన్ నుంచి సెప్టెంబరు. నెల్లూరుకి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో. ఏడాది వానలో సగానికి పైగా అప్పుడే పడుతుంది. 2023లో మిచౌంగ్ తుపాను డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది, అంతకుముందు నెల్లూరు తీరం వెంబడే పాకుతూ వచ్చింది. అంటే డెన్మార్క్ వాళ్లు కొవ్వొత్తి వెలిగించుకునే వారంలో మనం కిటికీ కింద పాత గుడ్డలు కుక్కుతుంటాం. ఆ ఏడాదే నేను తెలివి తక్కువ పని ఒకటి చేశాను. వీడియో చూసి మోజుపడి టీవీ గోడకి ఎండీఎఫ్ ప్యానెళ్లు కొట్టించాను. అది బయటి గోడ, జల్లు కొట్టే గోడ. ఎండీఎఫ్ అంటే చెక్కపీచును జిగురుతో నొక్కి చేసిన అట్ట, తేమ తగిలితే ఆ పీచు నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఆరినా మళ్లీ మునుపటిలా కూర్చోదు. సంక్రాంతికి అంచులు పూరీల్లా లేచాయి, వెనక నుంచి ముక్కిన బియ్యం వాసన. అమ్మిన కుర్రాణ్ణి అడిగితే ఇది డ్రై వాల్‌కే సార్ అన్నాడు. కొనేటప్పుడు చెప్పలేదేం అంటే నవ్వాడు.

గోడకి, ప్యానెల్‌కి మధ్య గాలి ఆడని సందులో బూజు పట్టడానికి పెద్దగా ఏమీ అక్కర్లేదు. తేమ 80 శాతం దగ్గర కొన్నాళ్లు నిలబడితే చాలు, తిండికి చెక్కపీచు ఎటూ ఉంది. మందపాటి కార్పెట్ కూడా అంతే, తేమను పట్టి ఉంచుతుంది, అందులో దుమ్ము పురుగులు కాపురం పెడతాయి. ఉబ్బసం ఉన్న ఇంట్లో సముద్రపు గాలి తగిలే ఊళ్లో బొచ్చు కార్పెట్ వద్దే వద్దు, ఇందులో నాకు రెండో మాట లేదు.

ఇంకో చిత్రం, వాన లేని రోజున కూడా నేల తడుస్తుంది. కొన్ని పొద్దుటిపూటలు గచ్చు చెమర్చి కాళ్ల ముద్రలు పడతాయి చూడండి. నాలుగు రోజులు చలిగా ఉండి బండ 23 డిగ్రీలకి దిగాక, హఠాత్తుగా సముద్రం వైపు నుంచి వెచ్చటి తడిగాలి వచ్చిందనుకోండి. 28 డిగ్రీల గాలిలో 80 శాతం తేమ ఉంటే, 24 డిగ్రీలకి చల్లబడగానే అందులోని ఆవిరి నీరైపోతుంది. బండ అంతకంటే చల్లగా ఉంది, సోడా సీసా మీద నీటి బొట్లు పట్టినట్టే నేలంతా పడతాయి. అలాంటప్పుడు గాలి రావాలని కిటికీలన్నీ తెరిస్తే తడి ఇంకా పెరుగుతుంది. మూసి ఫ్యాను వేయండి, ఎండెక్కాక తెరవండి.

సంక్రాంతికి సున్నం కొట్టే అలవాటు ఎందుకొచ్చిందో నాకు ఈ ప్యానెళ్ల గొడవ తర్వాతే వెలిగింది. వానలు వెనక్కి తగ్గి, గోడ ఆరే రోజులు. తడి సున్నానికి క్షారగుణం చాలా ఎక్కువ, పీహెచ్ 12 దాటుతుంది, అందులో బూజు బతకదు. తర్వాత మెల్లగా గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుని సున్నపురాయిగా మారుతుంది, ఆ గుణం తగ్గుతుంది, అందుకే ఏటా కొట్టాలి. పైగా ఆ పూతలోంచి గోడలోని చెమ్మ బయటికి పోతుంది. ప్లాస్టిక్ లాంటి పెయింట్ చెమ్మను లోపలే బిగిస్తుంది, చివరికి బుడగలుగా పొంగి పెచ్చులూడుతుంది. ముదురు రంగే కావాలంటే సున్నంలో రంగు మట్టి కలపొచ్చు. రంగు మారితే గది ఉష్ణోగ్రత మారదు, చూడ్డానికి హాయిగా ఉంటుంది, అంతే. కొన్నిసార్లు అంతే చాలు.

ఆ నాలుగు దుప్పట్ల సోఫా చూస్తే నాకు బొంత గుర్తొస్తుంది. మెత్తబడ్డ పాత చీరలు అయిదారు పొరలు వేసి చేత్తో కుట్టిన బొంత. వెచ్చదనం చీరల్లో లేదు, పొరల మధ్య చిక్కుకుని కదలకుండా ఉండే గాలిలో ఉంది. కదలని గాలిని మించి వేడిని ఆపే వస్తువు ఇంట్లో ఇంకోటి దొరకడం కష్టం, ఆ దగ్గరదగ్గర కుట్లు పని చేసేది పొరలు జారిపోకుండా, గాలి ఎక్కడిదక్కడ ఉండేలా. నీరు మాత్రం గాలి కంటే ఇరవై రెట్లకు పైగా సులువుగా వేడిని మోస్తుంది, చెమ్మెక్కిన బొంత చల్లగా అనిపించేది అందుకే. మా అమ్మ ఎండ మొహం కనబడగానే బొంతలు మిద్దె మీదకి చేరుస్తుంది. ఆవిడకి వాహకత్వం సంగతి అక్కర్లేదు.

దీపాల విషయంలో మాత్రం ఆ వీడియోల వాళ్లదే రైటు. మన ఇళ్లలో తెల్లటి ట్యూబులు 6500 కెల్విన్ (వెలుగు రంగుని చెప్పే కొలత), పసుపు బల్బులు 2700 నుంచి 3000. అంకె పెరిగేకొద్దీ వెలుగు నీలానికి తిరుగుతుంది, మనమేమో దాన్ని చల్లటి వెలుగు అంటాం, అక్కడే అంతా తికమక. కొలిమిలో ఇనుము ముందు ఎర్రగా, ఇంకా కాగితే తెల్లగా అవుతుంది కదా, ఆ లెక్కే ఇది. రాత్రిపూట నీలం పాలు ఎక్కువున్న వెలుగు నిద్ర తెప్పించే మెలటోనిన్‌ని తగ్గిస్తుంది, కాబట్టి పడకగదిలో పసుపు బల్బు పెట్టడం ఒక్క ఫ్యాషన్ కోసమే కాదు.

ఇక పైసా ఖర్చు లేని హీటరు దక్షిణం కిటికీ. డిసెంబరులో మనకి మధ్యాహ్నపు సూర్యుడు దక్షిణం వైపు 52 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, సన్‌షేడ్ రెండడుగులున్నా దాని కింద నుంచి ఎండ లోపలికి పడుతుంది. మే, జూన్‌లో సూర్యుడు నడినెత్తి దాటి ఉత్తరానికి పోతాడు, అప్పుడు అదే కిటికీలోకి మధ్యాహ్నపు ఎండ రాదు. ఇంత చక్కటి ఏర్పాటుని మేము వాస్తు పేరు చెప్పి బీరువా అడ్డం పెట్టి మూసేశాం. పోయిన జనవరిలో ఆ బీరువా పక్కకి జరిపించాను, పెద్ద గొడవే అయింది. మంచం పక్కన ఒక ఈతాకు చాప, దాని మీద ఉతికితే సాయంత్రానికి ఆరిపోయే పల్చటి జంపఖానా పరిచాం. అమ్మ ఇప్పుడు పదింటికల్లా కుర్చీ లాక్కుని ఆ ఎండలో కాళ్లు చాపి చిక్కుళ్లు ఒలుస్తుంది. ఎండ తగిలిన బండ మధ్యాహ్నానికి గోరువెచ్చగా అవుతుంది, అప్పుడు చెప్పులు పక్కన విడిచేస్తుంది. బీరువా తిరిగి ఎప్పుడు పెడతావని మాత్రం రోజూ అడుగుతూనే ఉంది.