సవరణ దస్తావేజు: అపోహలు – వాస్తవాలు

స్థలం కొన్న ఎన్నో ఏళ్లకు, బ్యాంకు రుణానికి కాగితాలు ఇచ్చినప్పుడో, అమ్మకానికి పెట్టినప్పుడో, దస్తావేజులో సర్వే నంబరు తప్పు పడిందన్న సంగతి బయటపడుతుంది. అలా కంగారుగా వచ్చేవారి చేతిలో చాలాసార్లు ఒక నోటరీ అఫిడవిట్ కూడా ఉంటుంది. దస్తావేజులు రాసే వృత్తిలో నన్ను అన్నిటికన్నా విసిగించే కాగితం అదే.

అపోహ: అఫిడవిట్ ఉంటే దస్తావేజులోని తప్పు సరైపోయినట్లే.

వాస్తవం: కాదు. అఫిడవిట్ అనేది దానిపై సంతకం చేసిన మనిషి ప్రమాణం చేసి చెప్పిన మాట మాత్రమే. అది సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో స్థిరాస్తి దస్తావేజులు నమోదయ్యే ఒకటో పుస్తకంలోకి ఎక్కదు, ఆస్తిపై నమోదైన లావాదేవీలను చూపే ఈసీలో (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో) కనబడదు. పేరులో ఒక అక్షరం తేడా వస్తే బ్యాంకువారు దానితో సరిపెట్టుకోవచ్చు గానీ, సర్వే నంబరో, విస్తీర్ణమో, హద్దులో తప్పితే కొన్న ఆస్తి ఏదన్నదే ప్రశ్న అవుతుంది. అటువంటప్పుడు అమ్మినవారూ కొన్నవారూ కలిసి, అసలు దస్తావేజు నంబరునూ సంవత్సరాన్నీ ఉదహరించి, షెడ్యూలులో, అంటే ఆస్తి వివరాలు రాసే భాగంలో, ఫలానా చోట పడిన తప్పును ఇలా సవరించి చదువుకోవలెనని రాసి, ఆ సవరణ దస్తావేజును రిజిస్టరు చేయించుకోవాలి.

నాకు తెలిసిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడి దస్తావేజులో 124 బదులు 142 అని పడింది. ఇదేమంత పెద్ద విషయం కాదు మాస్టారూ అంటూ మధ్యవర్తి ఒక అఫిడవిట్ రాయించి ఇచ్చాడు. అమ్మినాయన అప్పట్లో పక్క వీధిలోనే ఉండేవారు, కబురు పెడితే వచ్చి సంతకం చేసి వెళ్లేవారు. కూతురి పెళ్లికని మాస్టారు ఆ స్థలం అమ్మబోయేనాటికి ఆయన కాలం చేశారు. వారసులందరూ సంతకాలు చేయవలసి వచ్చింది. అమెరికాలో ఉన్న కుమారుడు భారత కాన్సులేటులో పవర్ ఆఫ్ అటార్నీ రాసి పంపగా, అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు దానికి స్టాంపు సుంకం కట్టించాము. ఇక్కడే ఉన్న మరో వారసుడు మాత్రం సంతకానికి డబ్బు అడిగాడు. మాస్టారు బేరమాడకుండా ఇచ్చేశారు, ఎందుకంటే ఆ వారసుడు సంతకం చేయనంటే మిగిలేది కోర్టు దారే. మోసం వల్లనో, ఇరుపక్షాల పొరపాటు వల్లనో దస్తావేజు వారి అసలు ఉద్దేశాన్ని చెప్పలేకపోతే దానిని సవరింపజేసే అధికారం స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం, 1963 లోని 26వ సెక్షను కోర్టుకు ఇస్తుంది. ఆ దావాకు కాలపరిమితి మూడేళ్లు. తప్పు తెలిసిన నాటినుంచి అది నడుస్తుందని వాదించవచ్చు గానీ, పాత అఫిడవిట్ మీద తేదీ ఉంటుంది కదా, తప్పు మీకు ఏనాడో తెలుసని ఎదుటి వకీలు ఆ కాగితాన్నే చూపిస్తాడు.

అపోహ: తప్పు పడితే రిజిస్ట్రేషనే చెల్లదు, పూర్తి సుంకం కట్టి మళ్లీ చేయించుకోవాలి.

వాస్తవం: ఈ పుకారు విని నిద్ర మానుకున్నవారిని చూశాను. రాతలో దొర్లిన పొరపాటు మీ హక్కును రద్దు చేయదు. సవరణ తరువాత కూడా హక్కు అసలు దస్తావేజు నాటినుంచే లెక్క. అచ్చుతప్పు దిద్దుబాటుకు అయ్యే ఖర్చు స్వల్పమే. గజాలు పెరిగినా, ఆస్తి మారినా మాత్రం దానిని సవరణగా చూడరు, సుంకం విలువను బట్టి పడుతుంది.

తప్పును సాకుగా చూపి అమ్మినవారు ఒక్కరే దస్తావేజును రద్దు చేయించుకోగలరన్నది మరో బెదిరింపు. మన రెండు రాష్ట్రాల రిజిస్ట్రేషన్ నిబంధనల ప్రకారం విక్రయం రద్దుకు ఇరుపక్షాల సంతకాలో, కోర్టు ఉత్తర్వో కావాలి. పాసు పుస్తకంలోని తప్పు సంగతి వేరు. అది రెవెన్యూవారి పని, సవరణ దస్తావేజుతో అది దానంతట అది మారదు.

కొందరు ఇంట్లోనే పెన్నుతో అంకె దిద్ది తెస్తారు. దయచేసి ఆ పని చేయకండి. కార్యాలయంలో ఉన్న ప్రతిలో పాత అంకే ఉంటుంది. బ్యాంకు వకీలు సర్టిఫైడ్ కాపీ తెప్పించి పక్కన పెట్టి చూస్తే, పొరపాటుగా ఉన్నది కాస్తా దిద్దుడు కేసుగా కనబడుతుంది.