దివ్యాంగుల్ని చూసుకునేవాళ్ల జీతం ఎందుకు పెరగదు? విశాఖ నుంచి ఒక నేపథ్యం

పోర్టులోనో స్టీల్ ప్లాంటులోనో జీతం పెంచమని ఎవరిని నిలదీయాలో విశాఖలో చిన్నపిల్లలకీ తెలుసు. అక్కడ యూనియన్ ఉంటుంది, యాజమాన్యం ఉంటుంది, వేతన ఒప్పందం ఉంటుంది. (ఆ ఒప్పందాలు ఈమధ్య ఎలా అమలవుతున్నాయన్నది వేరే కథ.) అదే ఊళ్లో బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల బడిలో ఆయాగా చేసే ఆవిడకి ఆ దారి లేదు. మంచం దిగలేని పెద్దాయనకి స్నానం చేయించి అన్నం తినిపించే కేర్‌టేకర్‌కీ లేదు. అసలు వీళ్లకి జీతం బాకీ ఉన్నది ఎవరు అన్నదే తేలదు. ఈ చిక్కు నిన్నమొన్నటిది కాదు.

మొదట్లో ఈ పనంతా ఇంట్లో అమ్మది, అక్కది. బయట ఆసరా అంటే ట్రస్టులు, మిషనరీలు, పిల్లల తల్లిదండ్రులే కలిసి పెట్టుకున్న బడులు. కేంద్రం ఈ సంస్థలకి గ్రాంటులిచ్చే పథకాల్ని 1999లో ఒక గాటన కట్టి, 2003లో దానికి దీన్‌దయాళ్ పేరు పెట్టింది. ప్రాజెక్టు ఖర్చులో 90 శాతం దాకా కేంద్రం ఇస్తుంది, మిగతాది సంస్థే చూసుకోవాలి. సిబ్బందికి ఇచ్చేది గౌరవ వేతనం కింద లెక్క, ఏ పోస్టుకి ఎంతవరకో ఢిల్లీలోనే రాసిపెడతారు. ఆ మొత్తాల్ని 2018 ఏప్రిల్ నుంచి సవరించారు. మధ్యలో ధరలు ఎంత పెరిగినా, గ్రాంటు ఎంత ఆలస్యమైనా ఆయాకి సంస్థ చెప్పేది ఒకటే: "డబ్బు రాలేదమ్మా." చాలాసార్లు అది నిజమే కూడా.

చట్టాలు రాలేదని కాదు. 1992 నాటి పునరావాస మండలి చట్టం స్పెషల్ టీచర్లు, థెరపిస్టుల రిజిస్టరు తెచ్చింది. అందులో పేరు లేకుండా ఆ పని చేస్తే ఏడాది దాకా జైలు లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, కొన్నిసార్లు రెండూ. పేరు ఉన్నవాళ్లకి ఎంత ఇవ్వాలో మాత్రం అందులో లేదు. 1995 చట్టం, దాని చోట 2017 ఏప్రిల్‌లో అమల్లోకొచ్చిన 2016 చట్టం దివ్యాంగుల హక్కుల గురించి చెప్పాయి, చెప్పాలి కూడా. వాళ్లని చూసుకునే మనిషి మాట వచ్చేది 2016 చట్టం 24వ సెక్షన్‌లో. ఎక్కువ సాయం అవసరమైన దివ్యాంగులకి సహాయకుల భత్యం ఇచ్చే పథకాలు పెట్టాలంటుంది. ఆ డబ్బూ వెళ్లేది దివ్యాంగుల చేతికే.

అసలు ముడి కార్మిక చట్టంలో ఉంది. 1978లో బెంగళూరు నీటి సరఫరా బోర్డు కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ రాసిన తీర్పు 'పరిశ్రమ' అంటే ఏమిటో బాగా విస్తరించి చెప్పింది. ఆసుపత్రులు, విద్యాసంస్థలే కాదు, జీతానికి మనుషుల్ని పెట్టుకుని నడిచే ధర్మసంస్థలు కూడా చాలావరకు అందులోకి వచ్చాయి. అంటే ఆయాలు కూడా కార్మిక వివాదం లేవదీయొచ్చు. అయిదేళ్లు తిరక్కుండానే, 1982లో, పార్లమెంటు ధర్మసంస్థల్ని పరిశ్రమ నిర్వచనం నుంచి తీసేస్తూ సవరణ చేసింది. విచిత్రం ఏమిటంటే దాన్ని ఎప్పుడూ అమల్లోకి తేలేదు. 2025 నవంబరు 21న, పాత కార్మిక చట్టాల్ని కలిపి రాసిన నాలుగు లేబర్ కోడ్‌లు ఒకేసారి అమల్లోకొచ్చాయి. వేతనాల కోడ్ కనీస వేతనాన్ని షెడ్యూలు జాబితాలో ఉన్న పనులకే అన్న షరతు లేకుండా ఉద్యోగులందరికీ వర్తింపజేస్తానంటుంది. పారిశ్రామిక సంబంధాల కోడ్ మాత్రం ధర్మ, సామాజిక సేవా సంస్థల్ని పరిశ్రమ కాదని పక్కన పెట్టింది. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకున్నట్టే. కనీస వేతనం అడగొచ్చు, ఇవ్వకపోతే యూనియన్ పెట్టి పోరాడే దారి మూసుకుపోతుంది.

గౌరవ వేతనం అన్నంతమాత్రాన హక్కులు పోవని అంగన్‌వాడీలు చూపించారు. వాళ్లకీ గ్రాట్యుటీ చెల్లించాలని, ఆ గౌరవ వేతనమూ వేతనమేనని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తేల్చింది. 2023 డిసెంబరు 12న మన రాష్ట్రంలో మొదలైన వాళ్ల సమ్మె, అత్యవసర సేవల్లో సమ్మెల్ని నిషేధించే ఎస్మా చట్టం ప్రయోగించినా ఆరు వారాలు సాగింది. వాళ్లకి కలిసొచ్చింది ఒకటే: ఎదురుగా ఉన్నది ప్రభుత్వం.

బడుల్లోనూ అంతే. ప్రభుత్వ బడుల పథకం సమగ్ర శిక్ష కింద దివ్యాంగ పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాల్లో ఏళ్ల తరబడి కాంట్రాక్టు మీద చేస్తున్న స్పెషల్ టీచర్లకి ఎవరిని అడగాలో తెలుసు. ప్రాథమిక స్థాయిలో పదిమంది దివ్యాంగ పిల్లలకి ఒక టీచరు ఉండాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది, పోస్టులు ప్రకటించమని 2025 మార్చిలో మళ్లీ గట్టిగా అంది. ఆ తర్వాతే రాష్ట్రం 2,260 స్పెషల్ ఎడ్యుకేషన్ పోస్టులు మంజూరు చేసింది. అందులో ఆయాల లెక్క లేదు.

ఇక ఇళ్లలో పనిచేసేవాళ్లు. వీళ్లలో విజయనగరం, శ్రీకాకుళం పల్లెల నుంచి హోమ్ నర్సింగ్ ఏజెన్సీల ద్వారా వచ్చే ఆడవాళ్లు ఉంటారు. ఇంటివాళ్లు ఇచ్చేదాంట్లో ఏజెన్సీ తన వాటా పట్టుకుంటుంది. 2024 జులై నుంచి రాష్ట్రంలో దివ్యాంగుల పింఛను 3,000 నుంచి 6,000కి, మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్లది 5,000 నుంచి 15,000కి పెరిగింది. మంచి పెంపే. కానీ ఆ పదిహేను వేలలోంచే మందులు, డైపర్లు, తిండి, మిగిలితే కేర్‌టేకర్ జీతం. 2025లో వైకల్యం ఎంత శాతమో చెప్పే సదరం సర్టిఫికెట్లు మళ్లీ తనిఖీ చేయడం మొదలుపెట్టినప్పుడు కొన్ని ఇళ్లలో టెన్షన్ పెన్షన్ గురించి మాత్రమే కాదు. 15,000 కాస్తా 6,000 అయితే ఆ ఇల్లు ముందు మానిపించేది కేర్‌టేకర్‌నే. సహాయకుల భత్యం పింఛనుతో కలపకుండా విడిగా ఇచ్చి, ఈ పనికంటూ కనీస వేతనం రేటు రాష్ట్రం ప్రకటిస్తే తప్ప ఈ లెక్క మారదు. రెండింటికీ చట్టంలో చోటు ఇప్పటికే ఉంది.