మంచీ చెడూ ఎక్కణ్ణుంచి వస్తాయి? కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

పిల్లల సైకాలజిస్టుగా నేను తరచూ వినే ప్రశ్న, "వీడికి మంచీ చెడూ ఎలా నేర్పాలండీ?" అని. ఆ ప్రశ్నతోపాటు వచ్చే కొన్ని నమ్మకాలు మాత్రం పిల్లలకు నిజంగా చేటు చేస్తున్నాయి.

అపోహ: పెద్దలు చెప్పబట్టే పిల్లలకు తప్పేదో తెలుస్తుంది.

నాలుగేళ్ల పిల్లల్ని అడిగి చూడండి. "టీచర్ సరేనంటే క్లాసులో నిలబడి బొమ్మలేసుకోవచ్చా?" వేసుకోవచ్చంటారు. "మరి టీచర్ సరేనంటే పక్కవాణ్ణి కొట్టొచ్చా?" చాలామంది తల అడ్డంగా ఊపుతారు. ఎందుకంటే, "వాడికి నొప్పి పుడుతుంది కదా!" పెట్టిన నియమం వేరు, ఎదుటివాడికి జరిగే హాని వేరు అని పిల్లలు చిన్నప్పుడే పోల్చుకోగలరని సైకాలజిస్టు ఇలియట్ టూరియల్ మొదలుపెట్టిన పరిశోధనలు చూపించాయి. మతనిష్ఠ గట్టిగా ఉన్న కుటుంబాల పిల్లలను లారీ నూచీ అనే ఇంకో సైకాలజిస్టు "దొంగతనం వద్దని దేవుడు చెప్పకపోయి ఉంటే?" అని అడిగినా, ఎక్కువమంది అది తప్పేనన్నారు.

అపోహ: అయితే పుట్టుకతోనే అన్నీ తెలుసు.

2007లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీ పరిశోధకులు 6, 10 నెలల పసివాళ్లకు ఒక ఆట చూపించారు. కొండెక్కలేకపోతున్న బొమ్మను ఒకటి పైకి నెడుతుంది, ఇంకొకటి కిందికి తోస్తుంది. ఎక్కువమంది సాయం చేసినదాన్నే అందుకున్నారు. ఈమధ్య 37 ల్యాబులు కలిసి అదే ఆటను వీడియోలో చూపిస్తే, ఆ ఇష్టం కనబడలేదు. కాబట్టి ఇక్కడ తీర్పుకి తొందరపడకూడదు. ఏడాదిన్నర పిల్లలు మాత్రం, అడక్కపోయినా, మన చేతిలోంచి జారిపడ్డ వస్తువు తీసిస్తారు. అలా ఇచ్చినందుకు బహుమతులిస్తూ పోతే, అవి ఆగాక ఆ సాయం తగ్గింది. ఇది తల్లిదండ్రులు గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి.

అపోహ: దెబ్బ పడితేనే బుద్ధి వస్తుంది.

నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇదే. దెబ్బ తిన్నవాడి ధ్యాసంతా తన నొప్పి మీద, ఈసారి దొరక్కుండా ఎలా అన్నదాని మీద ఉంటుంది. అవతలి పిల్ల ఏడుస్తోందన్న సంగతి వాడి బుర్రలోంచే పోతుంది. అదే వాణ్ణి దగ్గర కూర్చోబెట్టుకుని, "నువ్వు బొమ్మ లాక్కున్నావు, అందుకే తను ఏడుస్తోంది. ఇప్పుడేం చేద్దాం?" అంటే వాడి చూపు ఆ పిల్ల మొహం మీదికి వెళ్తుంది. ఇలా కారణం చెప్పి పెంచే ఇళ్లలో పిల్లలు ఇతరుల బాధను ఎక్కువ పట్టించుకుంటారని సైకాలజిస్టు మార్టిన్ హాఫ్‌మన్ పరిశోధనల్లో కనిపించింది. తిట్టేటప్పుడూ తేడా ఉంది. "నువ్వు చేసింది తప్పు" అంటే సరిదిద్దుకోవడానికి దారి ఉంటుంది. "నువ్వే చెడ్డవాడివి" అంటే దాక్కోవడమొక్కటే మిగులుతుంది.

అపోహ: తప్పని తెలిసినవాడు చేయడు.

1920లలో హార్ట్‌షోర్న్, మే అనే ఇద్దరు పరిశోధకులు వేలమంది పిల్లలను పరిశీలించారు. ఒకచోట నిజాయితీగా ఉన్న పిల్లవాడే ఇంకోచోట మోసం చేశాడు. సందర్భం, పక్కవాళ్లు, దొరికిపోతామన్న భయం, అన్నీ పనిచేస్తాయి. పరీక్షలో చూసి రాసినవాడి మీద దొంగ ముద్ర వేసేముందు, మార్కుల కోసం ఇంట్లో ఎంత టెన్షన్ పెట్టారో కూడా ఆలోచించండి.