“ఐదేళ్ల తర్వాత ఎలా బతుకుతావు?”: ఒక ప్రశ్న వెనకున్న కథ

అమలాపురం దగ్గర ఒక ఊళ్లో కొబ్బరితోట వాటా మీద అన్నదమ్ముల తగువు మళ్లీ రాజుకుంది. తమ్ముడికి ఆటిజం. అతని తరఫున నిర్ణయాలు తీసుకునేందుకు చట్టప్రకారం సంరక్షకుణ్ణి నియమించాలని అన్న దరఖాస్తు పెట్టాడు. విచారణలో “ఐదేళ్ల తర్వాత ఎలా బతుకుతావు?” అని అడిగితే తమ్ముడు బల్ల అంచు చూస్తూ ఉండిపోయాడు. ఆ మౌనమే ఇప్పుడు దరఖాస్తుకు బలం.

ఆ మౌనాన్ని అర్థం చేసుకోవడానికి పనికొచ్చే పరిశోధన ఒకటి 2010లో వచ్చింది. బ్రిటన్‌లో సోఫీ లిండ్, డెర్మాట్ బౌలర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఆటిజం ఉన్న పెద్దవాళ్లను తమకు జరిగినవాటినీ, ముందుముందు జరగగలవాటినీ చెప్పమన్నారు. ఫలానా రోజు, ఫలానా చోటు అని తెలిసేలా చెప్పిన సంఘటనలు రెండింటిలోనూ మిగతావాళ్లకంటే తక్కువే వచ్చాయి.

ఎందుకలా? ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిందని తెలియడం ఒక రకం జ్ఞాపకం. 1996 నవంబరు తుపాను రాత్రి గాలి హోరు మళ్లీ చెవుల్లో మోగడం ఇంకో రకం. మనస్తత్వ శాస్త్రవేత్త ఎండెల్ టుల్వింగ్ 1972లోనే ఈ రెంటినీ విడదీశాడు. రేపటిని ఊహించుకోవాలన్నా ఈ రెండో రకం జ్ఞాపకాల్లోంచే ముక్కలు తెచ్చి అతుక్కోవాలి. “ఎలా బతుకుతావు” అన్న ప్రశ్నలో అతుక్కోవడానికి ఒక్క ముక్కా లేదు.

అయితే లిండ్, బౌలర్ల పరిశోధనకు ఆరేళ్ల ముందే, 2004లో, బౌలర్ బృందం మరో సంగతి చూపింది. ఒక విషయం ఎక్కడినుంచి తెలిసిందో ఏ ఆసరా లేకుండా చెప్పమంటే ఆటిజం ఉన్నవాళ్లు వెనకబడ్డారు. జవాబులు ముందుపెట్టి గుర్తుపట్టమంటే తేడా పోయింది. ఈ తగువులో దీన్ని ఎవరూ ఎత్తలేదు. నా దృష్టిలో అసలు కీలకం ఇదే.

అన్నగారి వాదన చిన్నదే: అమ్మ తర్వాత తమ్ముడు మోసపోతాడు, ఆటిజం వంటివి ఉన్నవాళ్లకు సంరక్షకుణ్ణి నియమించే వీలు కల్పించిన 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ఉన్నదే ఇందుకు. ఆ భయం నిజమే.

తల్లి మాట వేరు. “ఎలా బతుకుతావని వాణ్ణెప్పుడూ అడగనండి. దింపు ఎప్పుడురా, డబ్బు ఎవరు తెస్తారు, తెస్తే ఎక్కడ పెడతావు అంటాను. అన్నీ చెబుతాడు.” దింపు అంటే చెట్లనుంచి కొబ్బరికాయలు దించడం. అతని దగ్గర అట్టలూడిన నోటుబుక్కు ఉంది. చెట్లకు ఎర్రరంగుతో వేసిన నంబర్లు ఎడమవైపు, దిగిన కాయలు కుడివైపు. పదిహేడో చెట్టుకు రెండు దింపులుగా కాయ తగ్గింది. పక్కన “ఎరువు” అని రాసుకున్నాడు. రాబోయే దింపు కోసమే ఆ మాట.

2016 వికలాంగుల హక్కుల చట్టం 14వ సెక్షన్ ప్రకారం తగిన ఆసరా అందించాక కూడా నిర్ణయం తీసుకోలేకపోతేనే పరిమిత సంరక్షకుడు, అంటే ఫలానా నిర్ణయానికి, ఫలానా కాలానికి మాత్రమే ఉండే సంరక్షకుడు. అప్పుడు కూడా నిర్ణయం సంరక్షకుడు, ఆ వ్యక్తి ఇద్దరూ కలిసి తీసుకోవాలి. ఆ విచారణలో ప్రశ్న ఒక్కసారే, నోటిమాటగానే అడిగారు. నోటుబుక్కు తల్లి చేతిసంచిలోనే ఉండిపోయింది.